రైజెన్ 5 3600 నుంచి కొత్త ప్రాసెసర్‌కి మారితే పెట్టిన డబ్బుకి న్యాయం జరుగుతుందా?

తణుకు_వీడియో | గురువారం రాత్రి 10:40

అందరికీ నమస్కారమండి. పెళ్లి వీడియోలు తీస్తాను, ఎడిటింగ్ కూడా నేనే చేసుకుంటాను. 2019 చివర్లో కొన్న సిస్టమ్ నాది. ఏఎండీ రైజెన్ 5 3600 ప్రాసెసర్, బీ450 బోర్డు, 32 జీబీ డీడీఆర్4 ర్యామ్, జీటీఎక్స్ 1660 సూపర్ గ్రాఫిక్స్ కార్డు. ఇన్నేళ్లూ నాకు అన్నం పెట్టింది అదే. కానీ మొన్న కార్తీకంలో చేసిన పెళ్లిళ్లు ఎడిట్ చేస్తుంటే టైమ్‌లైన్ మీద క్లిప్‌ని కొంచెం ముందుకి లాగినా బొమ్మ ఆగిపోతోంది, సౌండ్ వెళ్లిపోతుంది, బొమ్మ మూడు సెకన్ల తర్వాత వస్తుంది. తలంబ్రాల సీన్ ఒక్కటి కట్ చేయడానికి ఒక పూట పట్టింది.

ఇప్పుడు మూఢం కాబట్టి కాస్త ఖాళీగా ఉన్నాను. మళ్లీ ముహూర్తాలు మొదలయ్యేలోపు తేల్చుకోవాలి. ఒక షాపులో కొటేషన్ అడిగితే రైజెన్ 9 9950ఎక్స్ 56 వేలు, బోర్డు 24 వేలు, 64 జీబీ డీడీఆర్5 ర్యామ్ 58 వేలు, లిక్విడ్ కూలర్ 11 వేలు, క్యాబినెట్, ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంటు ఇచ్చే డబ్బా) కలిపి 16 వేలు, మొత్తం లక్షా అరవై అయిదు వేలు రాసిచ్చారు. అంటే నాకు నాలుగైదు పెళ్లిళ్ల మిగులు. 3600 విడుదలైనప్పుడు 199 డాలర్లు, అదే ఆరు కోర్ల (పనిని పంచుకునే భాగాల) 9600ఎక్స్ 2024లో విడుదలైనప్పుడు 279 డాలర్లు అని చదివాను. కోర్లు పెరగలేదు, ధర పెరిగింది. అసలు ఈ కొత్తవాటికి అంత పెట్టడం న్యాయమేనా? వాడినవాళ్లు చెప్పండి.

పార్క్‌లేన్_పాతకాపు | గురువారం రాత్రి 11:15

తమ్ముడూ, నేను సికింద్రాబాద్ సీటీసీలో, కంప్యూటర్ షాపుల్లో పదేళ్లు కౌంటర్ మీద నిలబడ్డాను, ఇప్పుడు వేరే పనిలో ఉన్నాను కాబట్టి మొహమాటం లేకుండా చెప్తాను. కొటేషన్ రాసే మనిషి నీ పని ఏంటని అడిగాడా? ఏ కెమెరా, ఏ సాఫ్ట్‌వేర్, ఎన్ని గంటల ఫుటేజీ, ఇవి అడక్కుండా 16 కోర్లది రాశాడంటే ఆ కొటేషన్ పక్కన పెట్టు. ఎడిటింగ్ అనగానే పెద్ద ప్రాసెసర్ రాసేయడం మా రోజుల నుంచీ ఉన్న అలవాటే.

ఇక ధరల సంగతి. తయారీకి ఎంతైందన్న దాన్ని బట్టే ప్రాసెసర్ ధర పెడతారని జనం అనుకుంటారు. నేను చూసినంతలో పక్కవాడు ఏం అమ్ముతున్నాడన్న దాన్ని బట్టే ధర కదులుతుంది. 2011లో ఇంటెల్ ఐ7-2600కే వచ్చింది, నాలుగు కోర్లు, 317 డాలర్లు. 2017 జనవరిలో 7700కే వచ్చింది, ఆరేళ్ల తర్వాత కూడా అవే నాలుగు కోర్లు, 339 డాలర్లు. పోటీ లేదు కాబట్టి అలా నడిచింది. అదే ఏడాది మార్చిలో ఏఎండీ రైజెన్ 7 1700ని ఎనిమిది కోర్లతో 329 డాలర్లకి దింపింది. అక్టోబరుకల్లా ఇంటెల్ ఆరు కోర్ల 8700కే తెచ్చింది. ఆరేళ్లు రానిది ఏడు నెలల్లో వచ్చింది.

తర్వాత ఏఎండీ చెయ్యి పైన అయింది. 2020 నవంబరులో 5000 సిరీస్ తెచ్చినప్పుడు ఒక్కో మోడల్ మీద 50 డాలర్లు పెంచేసింది. 3600ఎక్స్ 249 అయితే 5600ఎక్స్ 299, 3800ఎక్స్ 399 అయితే 5800ఎక్స్ 449. 2021 చివర్లో ఇంటెల్ 12వ తరం గట్టిగా వచ్చాక, 2022 ఏప్రిల్‌లో ఆరు కోర్ల 5600 మళ్లీ 199కి దిగింది. అందుకే నేను ఎవరి అభిమానినీ కాను. ఇద్దరూ బాగుండాలి, అప్పుడే మనకి ధర దిగుతుంది.

గుంటూరు_గేమర్ | శుక్రవారం ఉదయం 12:05

నేను మాత్రం న్యాయమే అంటాను. నాది కూడా 3600యే, పోయిన ఏడాది డబ్బు దాచుకుని 9800ఎక్స్3డీకి మారాను. ఆ తేడా వాడి చూస్తేనే తెలుస్తుంది. ఎక్కువ మంది ఆటగాళ్లు ఒకేచోట చేరే ఆటల్లో పాత సిస్టమ్ తడబడేది, సగటు ఫ్రేములు బాగానే చూపించేది కానీ మధ్యలో గుక్క తిప్పుకున్నట్టు ఆగేది. ఇప్పుడు ఆ తడబాటు పోయింది.

ఎందుకంటే ఈ ఎక్స్3డీ చిప్‌లో ఎల్3 క్యాష్ (చిప్‌లోనే ఉండే వేగమైన చిన్న మెమరీ) 96 ఎంబీ ఉంటుంది. మామూలు 5800ఎక్స్‌లో 32 ఎంబీ. గేమ్‌కి మాటిమాటికీ కావలసిన డేటా కోసం ర్యామ్ దాకా పోయి రావాల్సిన పని తగ్గుతుంది. 2022లో 5800ఎక్స్3డీ నుంచి ఈ పద్ధతి మొదలైంది, ఆ క్యాష్ ముక్కని చిప్ మీద పేర్చేవాళ్లు, దాంతో వేడి పైకి రావడం కష్టమయ్యేది. 9800ఎక్స్3డీలో దాన్ని కిందకి మార్చారు. ఇది నిజంగా కొత్త పని, 479 డాలర్లు దానికి పెట్టొచ్చు. పేరు మార్చి అమ్మేవాటి గురించి నేను మాట్లాడట్లేదు. 13600కే, 14600కే రెండిట్లో కోర్లు అవే, పైవేగం 5.1 నుంచి 5.3 గిగాహెర్ట్జ్ అయింది, అంతే. అలాంటివాటికి ఎవరైనా పాతది తీసేసి డబ్బు పెడుతుంటే నాకు బాధేస్తుంది.

లెక్కల_మాస్టారు | శుక్రవారం ఉదయం 6:30

తణుకు గారూ, మీ పోలికలో ఒక పొరపాటు ఉంది. 3600ని 9600ఎక్స్‌తో పోల్చకూడదు. దాని వరసలో ముందున్నది 3600ఎక్స్, 2019 జులైలో 249 డాలర్లు. 9600ఎక్స్ 2024 ఆగస్టులో 279. అంటే డాలర్లలో పెరిగింది 12 శాతం. ఈ అయిదేళ్లలో అమెరికాలో మొత్తం మీద ధరలు సగటున అంతకంటే ఎక్కువే పెరిగాయి కాబట్టి అక్కడివాళ్లకి ఇది నిజానికి చవకైంది.

మనకి అలా కాదు. 2019 జులైలో డాలర్ 69 రూపాయల దగ్గర ఉండేది, 2024 ఆగస్టుకి 84. 249ని 69తో గుణిస్తే 17,181. 279ని 84తో గుణిస్తే 23,436. పెరుగుదల 36 శాతం. దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే ఇంకో 4,218 రూపాయలు. పైగా 3600ఎక్స్ డబ్బాలో కూలర్ వచ్చేది, 9600ఎక్స్‌లో రాదు, అది విడిగా కొనాలి. అమెరికాలో కూర్చుని వీడియోలు చేసేవాళ్లు "ధర పెద్దగా పెరగలేదు" అంటే వాళ్ల లెక్క వాళ్లకి సరే. మన జేబు లెక్క వేరు. నేను పిల్లలకి శాతాలు చెప్పేటప్పుడు ఇదే లెక్క బోర్డు మీద వేయిస్తాను.

ఇంకో మాట. మీరు జీఎస్టీలో రిజిస్టర్ అయ్యుంటే బిల్లు మీ స్టూడియో పేరు మీదే తీసుకోండి, ఆ 18 శాతం ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగొస్తుంది. ఆదాయపు పన్ను లెక్కల్లో కంప్యూటర్లకి ఏడాదికి 40 శాతం తరుగుదల చూపించుకోవచ్చు. బిల్లు లేకుండా రెండు వేలు తగ్గిస్తామంటే ఒప్పుకోకండి.

కోట్లిన్_వరంగల్ | శుక్రవారం ఉదయం 9:50

ధర ఎంత అనేదానికంటే మన మెషీన్ రోజుకి ఎంతసేపు మనల్ని కూర్చోబెడుతోంది అన్నది ముందు కొలవాలన్నా. నేను ఆండ్రాయిడ్ యాప్‌లు రాస్తాను, ఇంటి నుంచి ఫ్రీలాన్స్. ఐ5-8400 ఉండేది. ప్రాజెక్టు మొత్తం మొదటి నుంచి బిల్డ్ చేస్తే (అంటే రాసిన కోడ్‌ని యాప్‌గా మారిస్తే) 6 నిమిషాల 40 సెకన్లు. ముందు సాటా ఎస్‌ఎస్‌డీ తీసి ఇంకా వేగమైన ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ వేశాను, 20 సెకన్లు తగ్గింది. విండోస్ డిఫెండర్‌లో ప్రాజెక్టు ఫోల్డర్‌ని మినహాయించాను, రూపాయి ఖర్చు లేకుండా ఇంకో 40 సెకన్లు తగ్గింది. అప్పటికి గానీ మిగతాదంతా ప్రాసెసర్ పనే అని నాకు ఖాయం కాలేదు. అప్పుడు రైజెన్ 7 7700 తీసుకున్నాను. ఎనిమిది కోర్లు, 65 వాట్లు. ఇప్పుడు రెండున్నర నిమిషాలు.

రోజుకి పది పదిహేను బిల్డ్‌లు వేస్తాను. మొదటితో పోల్చి లెక్కేస్తే మొత్తం మీద గంట దాకా మిగులుతోంది. ఆ గంట మా పాపతో ఆడుకుంటున్నాను. నాకు ఆ ధర నూటికి నూరుపాళ్లు న్యాయమే. కానీ మా తమ్ముడు ట్యాలీ, ఎక్సెల్ వాడతాడు, వాడికి 9000 సిరీస్ ఇచ్చినా ఒక్క నిమిషం మిగలదు.

డల్లాస్_బాబాయ్ | శుక్రవారం ఉదయం 10:20

ఇక్కడ రిచర్డ్‌సన్ దగ్గర మైక్రో సెంటర్ అనే కంప్యూటర్ షాపు ఉంది, ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ కలిపి బండిల్‌గా ఇస్తారు, విడివిడిగా కొన్నదానికంటే బాగా తక్కువ పడుతుంది. సేల్స్ టాక్స్ 8.25 శాతం. అందుకే ప్రతి డిసెంబరులోనూ ఇండియా నుంచి నాకు ఫోన్లు వస్తాయి, "బాబాయ్, వచ్చేటప్పుడు ఒకటి పట్టుకురా" అని. ఒకసారి మా అక్క కొడుక్కి తెచ్చాను. ప్రాసెసర్ బాగానే ఉంది, బోర్డు ఎనిమిది నెలలకి పోయింది. కొన్న దేశంలోనే వారంటీ అన్నారు. మళ్లీ నేను వెళ్లేదాకా ఏడు నెలలు ఆ పిల్లాడు సిస్టమ్ లేకుండా ఉన్నాడు, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు స్నేహితుల గదిలో చేసుకున్నాడు. నాకు ఇప్పటికీ మనసులో ఉంది అది. పనికోసం వాడే మెషీన్ అయితే పది శాతం ఎక్కువైనా మీ ఊళ్లో బిల్లుతో కొనండి.

కృష్ణానగర్_ఎడిట్ | శుక్రవారం మధ్యాహ్నం 2:35

తణుకు బ్రదర్, అందరూ ప్రాసెసర్ గురించే మాట్లాడుతున్నారు గానీ నాకు ఒక అనుమానం. ఇన్నేళ్లూ బాగా నడిచి ఈ సీజన్‌లోనే ఎందుకు మొరాయించింది? ఈ మధ్య కెమెరా మార్చావా?

తణుకు_వీడియో | శుక్రవారం మధ్యాహ్నం 3:10

మార్చానండి. ఇదివరకు సోనీ ఏ7 3, దసరాకి ఏ7 4 తీసుకున్నాను. రెండూ 4కే లోనే తీస్తున్నాను, పెద్ద తేడా ఉండదనుకున్నాను. ఎడిటింగ్ ప్రీమియర్ ప్రోలో.

కృష్ణానగర్_ఎడిట్ | శుక్రవారం మధ్యాహ్నం 3:25

అదిగో. ఒక పని చెయ్యి. ప్రీమియర్‌లో కొత్త కెమెరా క్లిప్ ప్లే చేస్తూ టాస్క్ మేనేజర్ తెరువు. పర్‌ఫార్మెన్స్‌లో సీపీయూ (ప్రాసెసర్) శాతం చూడు, తర్వాత జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) మీద నొక్కితే "వీడియో డీకోడ్" అని చిన్న గ్రాఫ్ ఉంటుంది, అదీ చూడు. ఆ తర్వాత పాత కెమెరా క్లిప్ ఒకటి వేసి మళ్లీ ఇదే చూడు. రెండూ ఇక్కడ రాయి. అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వొద్దు.

తణుకు_వీడియో | శుక్రవారం రాత్రి 9:05

చూశానండి. ఏ7 4 క్లిప్ ప్లే చేస్తే సీపీయూ 95 నుంచి 100 మధ్య కొట్టుకుంటోంది, ఫ్యాను హోరెత్తిపోతోంది, వీడియో డీకోడ్ గ్రాఫ్ మాత్రం నేలకి అంటుకుని సున్నా దగ్గరే ఉంది. పోయిన ఏడాది పెళ్లి క్లిప్ వేశాను, వెంటనే డీకోడ్ గ్రాఫ్ లేచింది, సీపీయూ 20 దాటలేదు, వేలితో ఎటు లాగితే అటు వస్తోంది. ఒకే మెషీన్, ఒకే సాఫ్ట్‌వేర్. దీని అర్థం ఏమిటి?

కృష్ణానగర్_ఎడిట్ | శుక్రవారం రాత్రి 9:40

అర్థం ఏమిటంటే నీ ప్రాసెసర్ ముసలిది కాలేదు, నీ ఫుటేజీ మారింది.

ఏ7 3 తీసే వీడియో 8 బిట్, 4:2:0, హెచ్.264 (వీడియోని కుదించే పద్ధతి). ఏ7 4లో నువ్వు 10 బిట్, 4:2:2, హెచ్.265 పెట్టుకుని ఉంటావు. ఆ అంకెల సంగతి చెప్తాను. వీడియోలో వెలుగు సమాచారం ప్రతి పిక్సెల్‌కీ దాస్తారు, రంగు సమాచారం మాత్రం పొదుపుగా దాస్తారు. 4:2:0లో నాలుగు పిక్సెళ్లకి కలిపి ఒక రంగు, 4:2:2లో రెండు పిక్సెళ్లకి ఒక రంగు, అంటే రెట్టింపు. పెళ్లికూతురి పట్టుచీర అంచులో జరీ, ఎర్రటి బొట్టు చుట్టూ గీత, పసుపు బట్టల మీద దీపం వెలుగు, వీటిని కలర్ గ్రేడింగ్‌లో లాగినప్పుడు ఆ తేడా కనిపిస్తుంది. కాబట్టి ఆ సెట్టింగ్ మంచిదే, తగ్గించమని చెప్పను.

ఇబ్బంది ఎక్కడంటే, ఈ కుదించిన వీడియోని విప్పడానికి గ్రాఫిక్స్ చిప్‌లో విడిగా ఒక చిన్న భాగం ఉంటుంది. 1660 సూపర్‌లో ఆ భాగం హెచ్.265లో 4:2:0, 4:4:4 విప్పగలదు, మధ్యలో ఉన్న 4:2:2 మాత్రం విప్పలేదు. అందుకే మొత్తం భారం సీపీయూ మీద పడింది. ఎన్విడియా దాన్ని 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌లో మొదటిసారి పెట్టింది. ఇంటెల్ అయితే ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్‌లో ఎప్పుడో పెట్టింది, 2022లో వచ్చిన ఐ5-12400లో కూడా ఉంది. కానీ పేరు చివర ఎఫ్ ఉన్నది తీసుకుంటే గ్రాఫిక్స్ ఉండదు, ఈ సౌకర్యమూ ఉండదు. వెయ్యో రెండు వేలో తగ్గుతుందని ఎఫ్ తీసుకుని తర్వాత తలపట్టుకున్నవాళ్లని ఇక్కడ నలుగురిని చూశాను.

ఇప్పుడు నీ లక్షా అరవై అయిదు వేల కొటేషన్ చూడు. 9950ఎక్స్‌లో ఉన్న గ్రాఫిక్స్ 4:2:2 విప్పదు. 16 కోర్లు ఉన్నాయి కాబట్టి ఒక్క క్లిప్ అయితే బలంతో లాగేస్తుంది, కానీ మూడు కెమెరాల ఫుటేజీ ఒకేసారి వేస్తే మళ్లీ కష్టమే, వేడి, కరెంటు అదనం. అది చెడ్డ ప్రాసెసర్ అని కాదు. నీ రోగానికి మందు అది కాదు, అంతే.

పార్క్‌లేన్_పాతకాపు | శుక్రవారం రాత్రి 10:10

బాగా పట్టుకున్నావన్నా. అయితే నాకు కనిపించే దారులు రెండు. బోర్డూ ర్యామూ అలాగే ఉంచి ఆర్‌టీఎక్స్ 5060 లాంటి గ్రాఫిక్స్ కార్డు ఒకటి వేసుకోవడం, లేదా ఇంటెల్‌కి మారిపోవడం. ర్యామ్ ధరలు ఇలా మండుతున్నప్పుడు నేనైతే మొదటిదే అంటాను. కంపెనీలన్నీ ఏఐ సర్వర్లకి మెమరీ చేసే పనిలో పడ్డాయి, మైక్రాన్ అయితే మన షాపుల్లో అమ్మే క్రూషియల్ బ్రాండునే మూసేస్తున్నామని ప్రకటించింది. అతని కొటేషన్‌లో ర్యామ్ ప్రాసెసర్ కంటే ఎక్కువ ఉంది చూడండి, ఇన్నేళ్లలో నేను అలాంటి కొటేషన్ చూడలేదు. చేతిలో ఉన్న 32 జీబీ డీడీఆర్4ని ఇప్పుడు వదులుకోవద్దు.

అసలు కొత్త ప్రాసెసర్ ఖరీదు దాని డబ్బా మీద రేటు కాదు. ఇంటెల్ 10, 11 తరాలకి ఒక సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు), 12, 13, 14కి ఇంకో సాకెట్, కోర్ అల్ట్రా 200కి మళ్లీ కొత్తది. మారిన ప్రతిసారీ బోర్డు కొత్తది కొనాలి. ఏఎండీ ఏఎం4 సాకెట్ మాత్రం 2017లో మొదలై నీ బీ450 మీద 5000 సిరీస్ దాకా తీసుకుంటుంది, బయోస్ (బోర్డులో ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేస్తే చాలు. అదే కంపెనీ ఏఎం5ని 2027 దాకా, ఆ తర్వాత కూడా నడుపుతామని చెప్పింది. ఈ విషయంలో వాళ్లని మెచ్చుకోవాలి.

గుంటూరు_గేమర్ | శుక్రవారం రాత్రి 10:30

5060 వేస్తే బీ450 మీద ఒక చిన్న సంగతి ఉంది. ఆ కార్డు ఎనిమిది లేన్లే (డేటా పోయే దారులే) వాడుతుంది, నీ బోర్డులో ఆ దారులు పాత పీసీఐఈ 3.0 వేగానివి, కాబట్టి కొన్ని గేముల్లో కొంచెం తగ్గుతుంది. వీడియో విప్పే పనికి దాంతో ఇబ్బంది ఉండదు. ప్రీమియర్ మాత్రం కొత్త వెర్షన్ వేసుకోవాలి, పాత వెర్షన్‌కి ఈ 50 సిరీస్ 4:2:2 సంగతి తెలియదు.

తర్వాత ఎప్పుడైనా మనసైతే అదే బోర్డులో 5700ఎక్స్ వేసుకోవచ్చు, ఎనిమిది కోర్లు, 65 వాట్లు. 5800ఎక్స్3డీ కోసం వెతకొద్దు, తయారీ ఆపేశారు, మిగిలినవాటికి అడ్డగోలు రేట్లు చెప్తున్నారు.

లెక్కల_మాస్టారు | శనివారం ఉదయం 6:15

ఒక్క విషయంలో విభేదిస్తాను. పాతది చాలు, పాతది చాలు అని అందరికీ చెప్పడం కూడా సరికాదు. మా స్కూల్ ల్యాబులో 7వ తరం ఐ5 మెషీన్లు 20 ఉన్నాయి. బంగారంలా నడుస్తున్నాయి. కానీ విండోస్ 11 అధికారికంగా 8వ తరం నుంచే తీసుకుంటుంది, విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. పిల్లలకి పాఠం చెప్పడానికి సరిపోయే మెషీన్ని, లోపం ఏమీ లేకుండానే మార్చాలట. ఇక్కడ కొత్త ప్రాసెసర్ ధర న్యాయమా కాదా అన్న ప్రశ్న మా చేతిలో లేనే లేదు. నేను లైనక్స్ వేయించమని అడుగుతున్నాను, ఒక రెండిట్లో వేసి చూపించాను, పిల్లలు రెండు రోజుల్లో అలవాటు పడ్డారు.

పాత మార్కెట్లో కొనేవాళ్లకి ఒక హెచ్చరిక కూడా. ఇంటెల్ 13, 14 తరాల్లో పెద్ద మోడళ్లకి వోల్టేజి సమస్య వచ్చిన సంగతి తెలిసిందే. 2024 ఆగస్టు నుంచి మైక్రోకోడ్ (చిప్ లోపలి సాఫ్ట్‌వేర్) సవరణలు ఇచ్చారు, వారంటీ రెండేళ్లు పెంచారు. కానీ అప్పటికే దెబ్బతిన్న చిప్‌ని ఆ సవరణ బాగుచేయదు. ఎవరైనా 13900కే సగం ధరకి ఇస్తున్నారంటే బిల్లు, వారంటీ మిగులు చూసుకోండి.

కోట్లిన్_వరంగల్ | శనివారం ఉదయం 10:00

మాస్టారూ, కరెక్టుగా చెప్పారు. ఇంకో ఖర్చు కూడా ఎవరూ లెక్కేయట్లేదు. 14900కే పూర్తి బలంతో పనిచేస్తే 253 వాట్ల దాకా లాగుతుంది. మన దగ్గర మే నెలలో ఏసీ లేని గదిలో దాన్ని రాత్రంతా ఎక్స్‌పోర్ట్‌కి పెడితే గది కొలిమైపోతుంది. మా ఫ్రెండ్‌ది పిడుగురాళ్ల, వాళ్లింట్లో 600 వీఏ యూపీఎస్ ఉండేది, కొత్త సిస్టమ్ పెట్టాక కరెంటు పోయిన క్షణమే సిస్టమ్ కూడా ఆగిపోయేది, ఎక్స్‌పోర్ట్ సగంలో పోయేది. చివరికి పెద్ద యూపీఎస్ కొన్నాడు. అదీ ఆ ప్రాసెసర్ ఖరీదులో భాగమే. ఈ విషయంలో 65 వాట్ల మోడళ్లంటే నాకు నిజంగా గౌరవం.

ఖమ్మం_టీచరమ్మ | శనివారం సాయంత్రం 5:20

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా అమ్మాయి సీఎస్ఈ మొదటి ఏడాది. ల్యాప్‌టాప్ చూస్తున్నాం. ఒకటి రైజెన్ 5 7520యూ, ఇంకొకటి రైజెన్ 5 7530యూ, రెండోది నాలుగు వేలు ఎక్కువ. పది నంబర్ల తేడాకి నాలుగు వేలా అని మా వారు అంటున్నారు. షాపులో రెండూ కొత్తవే, రెండూ 7000 సిరీసే అన్నారు.

కోట్లిన్_వరంగల్ | శనివారం సాయంత్రం 5:45

అక్కా, రెండోదే తీసుకోండి, ఆలోచించకండి. ఆ వరసలో మూడో అంకె చూడాలి, చిప్ లోపలి డిజైన్ ఏ తరానిదో అదే చెప్తుంది. 7520లో మూడో అంకె 2, అంటే జెన్ 2, 2019 నాటి డిజైన్, నాలుగు కోర్లు. 7530లో మూడో అంకె 3, జెన్ 3, ఆరు కోర్లు. మొదటిదాంట్లో ర్యామ్ బోర్డుకే అతికించి వస్తుంది, 8 జీబీ తీసుకుంటే నాలుగేళ్లూ 8 జీబీయే. అమ్మాయి రెండో ఏడాదిలో ఆండ్రాయిడ్ స్టూడియో తెరిచిన రోజు ఏడుస్తుంది. పేరు పెట్టడంలోనే జనాన్ని ఇలా అయోమయంలో పెట్టడం నాకు అస్సలు నచ్చదు. మీలాంటివాళ్లు ఆ అంకెల వెనక ఏముందో ఎలా కనిపెట్టాలి? 16 జీబీ ఉన్నదే అడగండి, ర్యామ్ స్లాట్ ఖాళీగా ఉందా అనీ అడగండి.

ఖమ్మం_టీచరమ్మ | శనివారం సాయంత్రం 6:00

చాలా థ్యాంక్స్ తమ్ముడూ. రేపు వెళ్లి స్లాట్ సంగతి అడుగుతాను.

తణుకు_వీడియో | ఆదివారం రాత్రి 8:50

ఈ రోజు తాడేపల్లిగూడెంలో తెలిసిన స్టూడియోకి వెళ్లాను. వాళ్ల దగ్గర ఐ5-12400 ఉంది, ఎఫ్ లేనిది, విడిగా కార్డు కూడా లేదు. నా పెన్‌డ్రైవ్‌లో ఆ తలంబ్రాల క్లిప్ తీసుకెళ్లి వేశాను. నిజం చెప్తున్నానండి, బియ్యం గింజలు గాల్లో ఎగిరే చోట వేలితో ముందుకీ వెనక్కీ లాగాను, ఎక్కడ ఆపితే అక్కడ ఆగింది. నాలుగేళ్ల కిందటి మామూలు ప్రాసెసర్ అది. వాళ్లు ఆ సిస్టమ్ మొత్తం కట్టించుకున్నది 45 వేలకట. నేను 9950ఎక్స్‌కి అడ్వాన్స్ ఇవ్వడానికి గురువారం బయల్దేరబోయినవాణ్ని.

మిగిలిన రెండు పెళ్లిళ్ల ఫుటేజీకి ఇవాళ రాత్రికి ప్రాక్సీలు (ఎడిటింగ్‌కి తేలికైన చిన్న నకళ్లు) పెట్టి పడుకుంటున్నాను, వాటిని ఎలాగో అలా పూర్తిచేస్తాను. మంగళవారం 5060 తెచ్చుకుందామని అనుకుంటున్నాను, స్టూడియో పేరు మీదే బిల్లు అడుగుతాను మాస్టారూ.

గుంటూరు_గేమర్ | ఆదివారం రాత్రి 9:10

సూపర్ అన్నా. నీ ఎస్‌ఎంపీఎస్ ఎన్ని వాట్లు? 5060కి ఎన్విడియా 550 వాట్లు చెప్తోంది. లోపల ఎనిమిది పిన్నుల కేబుల్ ఒకటి ఖాళీగా ఉందో లేదో కూడా చూడు.

తణుకు_వీడియో | ఆదివారం రాత్రి 9:25

ఇప్పుడే సైడ్ ప్యానెల్ విప్పి చూశాను. 450 వాట్లు అని ఉంది. 1660కి పెట్టిన కేబుల్ ఎనిమిది పిన్నులదే. ఇది సరిపోతుందా, మార్చాలా?

పార్క్‌లేన్_పాతకాపు | ఆదివారం రాత్రి 9:40

2019లో కొన్నదే కదా అది. మార్చేయ్ తమ్ముడూ. మంచి 550 తీసుకో, ఆ కొత్త కెమెరా ఫుటేజీ అంతా దాని మీద ఆధారపడి ఉంది. పాతది విప్పేటప్పుడు ఒక్కో కేబుల్‌కీ ఫోన్‌లో ఫోటో తీసుకుని మరీ విప్పు.